శాకాహార కచేరీ

ఆ ఆదివారం పొద్దున్న మా ఇంట్లో ఫ్యాన్ మీద గొడవ జరిగింది. మే నెల, కాకినాడ. టిఫిన్‌కి కూర్చున్నట్టే కూర్చుని మా వారు లేచి వెళ్లి స్విచ్ ఆపేశారు.

పెసరట్టు తుంచుతున్న మా అత్తగారు తల పైకెత్తి చూశారు. "కరెంటు పోయిందేంట్రా?"

"పోలేదమ్మా. నేనే ఆపాను. అలవాటు చేసుకుంటున్నా."

"దేనికీ?"

"కచేరీకి. ఆ కాలంలో ఫ్యాన్లు లేవు."

"ఆ కాలంలో నువ్వూ లేవు. వెయ్యి."

ఆయన వెయ్యలేదు. ఆవిడే లేచి వేశారు. ఆయన లేచి ఆపారు. ఆవిడ మళ్లీ లేచారు. మోకాళ్ల నొప్పులని వారం రోజులుగా మంచం దిగని మనిషి ఆ పూట ఎన్నిసార్లు లేచారో చూస్తే డాక్టరు సంతోషించేవాడు. మా అమ్మాయి హంసిని తన ప్లేటు పట్టుకుని వరండాలోకి పోయింది. నేను పెనం దగ్గర ఉన్నాను కాబట్టి ఫ్యాన్ ఉన్నా లేకపోయినా నాకు ఒకటే.

ఆ కాలం అంటే ఏ కాలమో చెప్పాలి. మా ఇంటికి ఎదురుగా, సందు దాటితే, స్వరసాగర సమితి వారి హాలు ఉంది. మా వారు బీమా ఆఫీసులో పనిచేస్తూ సాయంత్రాలు ఆ సమితికి సంయుక్త కార్యదర్శిగా ఉంటారు. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్లు తక్కువ. సమితిలో అసలు లేరు. అయినా ఆయనకి ఆ పదవి అంటే ప్రాణం. ఐరోపా నుంచి నలుగురు వాద్యకారులు మన దేశంలో కొన్ని ఊళ్లు తిరుగుతూ మా ఊరికి కూడా వస్తామన్నారు. వాళ్లు వాయించేది బరోక్ సంగీతం. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి దొరల ఇళ్లలో, ఒక గదిలో, కొద్దిమంది మధ్య వాయించుకున్న సంగీతం అది. దాన్ని ఆ కాలపు వాద్యాల మీదే వాయించడం వాళ్ల ప్రత్యేకత.

ఆ చివరి మాట మా సమితి అధ్యక్షులు అనంతపద్మనాభం గారి మనసులో నాటుకుపోయింది. ఆయన నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరయ్యారు. కాలువలో నీళ్లు పారకపోయినా ఆఫీసులో ఫైలు పారుతూ ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

ఇందులో మా ఇంటి సంగతి కూడా ఒకటుంది. మీ ఊళ్లో వయొలిన్ నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే మాతో కలిసి ఒక చిన్న ముక్క వాయించవచ్చునని వాళ్లు కబురు పంపారు. హంసినికి వయొలిన్ నేర్పే గురువుగారు దాని పేరు చెప్పారు. వాళ్లు పంపిన రికార్డింగు విని, సరిగమలు రాసుకుని, హంసిని నెల రోజులుగా సాధన చేస్తోంది. జూన్‌లో అది విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో చేరాలి. ఆ హాస్టల్లోకి ఫోనులు, నవలలు, వాద్యాలు తేకూడదు. "రెండేళ్లేగా, తరవాత మళ్లీ పట్టుకుందువు గాని," అన్నారు మా వారు. హంసిని బుద్ధిగా తలూపింది. ఆ రాత్రి నుంచి సాధన రెట్టింపు చేసింది. స్టేషన్లో నిలబడ్డ రైలు కదిలేలోగా చెప్పాల్సిన మాటలన్నీ చెప్పేసుకునే మనిషిలా వాయించేది. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న దానికంతటికీ ఆ ఒక్క కచేరీయే మిగిలిందని దానికి తెలుసు. నాకూ తెలుసు.

*

ఫ్యాన్ గొడవకి ముందు రోజే ప్రామాణికతా పరిరక్షణ ఉపసంఘం, అంటే అన్నీ ఆ కాలంలో లాగే ఉండేలా చూసే సంఘం, మా ముందు గదిలో సమావేశమైంది. హాలుకి సున్నం వేస్తున్నారు. అధ్యక్షుల వారు, హాలు కట్టించిన దాతగారి మనవడు కామేశ్వర గుప్త గారు, మహిళా విభాగం తరఫున ఇందుమతి గారు సభ్యులు. మా వారు రాసుకునే మనిషి.

"వాద్యము ఆ కాలమునకు, వాతావరణము ఈ కాలమునకు చెందియుండుట సాంస్కృతిక అవకతవక కిందికి వచ్చును," అన్నారు అధ్యక్షుల వారు. మామూలుగా ఆయన కూడా మనలాగే మాట్లాడతారు. ఎవరైనా కలం తీస్తే మాత్రం ఇలా మారిపోతారు. "కావున మైకు రద్దు. విద్యుద్దీపములు రద్దు. నూనె దీపములు వెలిగించవలెను. ఫ్యాన్లు, ఏసీ రద్దు."

"చేతి వాచీలండీ?" అన్నారు ఇందుమతి గారు.

"గేటు వద్ద స్వాధీనపరచవలెను."

"ప్లాస్టిక్ కుర్చీలండీ?"

"చాపలు."

గుప్త గారు కాసేపు ఆలోచించి, ఏ దురుద్దేశమూ లేకుండా, "పళ్లసెట్లో మరి?" అన్నారు.

గదిలో ఎవరూ అధ్యక్షుల వారి నోటి వంక చూడలేదు. చూడకుండా ఉండడానికి పడ్డ శ్రమ మాత్రం అందరి ముఖాల్లోనూ కనిపించింది. ఆయన పెదాలు బిగించారు.

"శరీరాంతర్గత వస్తువులకు ఈ నిబంధన వర్తించదు. రాయండి ప్రకాశంగారూ."

మా వారు రాశారు. అప్పుడు గుప్త గారి జుట్టు రంగు విషయం వచ్చింది. వేసేటప్పుడు రంగు బాహ్యమనీ, ఆరిన తరవాత అంతర్గతమనీ తేల్చారు.

నేను కాఫీలు తెచ్చాను. అధ్యక్షుల వారు కప్పు అందుకోబోయి ఆగారు. "ఆ కాలంలో అక్కడ కాఫీ ఉండేదంటారా, వసుంధర గారూ? మీరు హిస్టరీ చదివారు కదా."

"అప్పుడే కొత్తగా మొదలైందండీ. తెగ తాగేవారట."

"అయితే ఇంకో కప్పు పొయ్యండమ్మా," అన్నారు మామూలు తెలుగులో.

*

వాద్యకారులు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ పేరు హెలెన్. నెరిసిన జుట్టు, కాటన్ ప్యాంటు, ఒక్క క్షణం ఊరుకోని చేతులు. హాల్లో అడుగుపెడుతూనే ఏసీ ఎక్కడుందని అడిగింది.

"తొలగించాము," అన్నారు అధ్యక్షుల వారు ఇంగ్లీషులో, బహుమతి ఇస్తున్న వాడిలాగా.

హెలెన్ అర్థం కానట్టు చూసింది. తమ వాద్యాల తీగలు చాలా సున్నితమనీ, ఉక్కపోతకి చెమ్మ పీల్చుకుని జారిపోతాయనీ, ఏసీ లేకపోతే కనీసం ఫ్యాన్లయినా వెయ్యమనీ బతిమాలింది.

"అమ్మా, మీ కాలంలో ఫ్యాన్లు లేవు కదా."

"నా కాలంలో ఉన్నాయండీ. పాతవి మా వాద్యాలు, మేం కాదు. మేం విమానంలో వచ్చాం."

అధ్యక్షుల వారు బాధగా నవ్వి, మా వారి చెవిలో, "వీళ్లలో ప్రామాణికత ఇంకా పూర్తిగా రాలేదు," అన్నారు.

రిహార్సలు మా వరండాలో జరిగింది. అక్కడ ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి హెలెన్ ఆ చోటే ఎంచుకుంది. హంసిని చాప వేసుకుని కాళ్లు మడిచి కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి శ్రుతి చేసుకుంటోంది. హెలెన్ కాసేపు నిలబడి చూసి, చెప్పులు విడిచి తనూ కింద కూర్చుంది. మా శ్రుతి మీ శ్రుతి కంటే తక్కువలో ఉంటుంది, నీకు ఇబ్బందేమో అంది మొహమాటంగా.

"ఎంత తగ్గించాలి?" అంది హంసిని. "మా గురువుగారైతే ఒక్కో పాటగాడికి ఒక్కో శ్రుతి. దీనిదేముంది."

తగ్గించేసింది. హెలెన్ మిగతా ముగ్గురి వంక చూసింది. వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. తరవాత హెలెన్ తన పెట్టెలోంచి వేరే తీగలు తీసి, స్టీలు తీగలు విప్పి ఇవి కట్టి చూడమని ఇచ్చింది. హంసిని కట్టుకుని కమాను ఆడించింది. గరుకుగా, వెచ్చగా, జలుబు చేసిన మనిషి ప్రేమగా మాట్లాడినట్టు పలికింది. హంసిని నవ్వింది. అది నవ్వగా చూసి నాకు చాలా రోజులైంది.

అదే సమయానికి గుప్త గారు ఆహ్వానపత్రాలతో వచ్చారు. వంగి తీగ మీద వేలు పెట్టి, "బాగుందమ్మా. ఏంటిది, నైలానా?" అన్నారు.

"కాదండీ. గొర్రె పేగు."

గుప్త గారు చెయ్యి వెనక్కి తీసుకున్న వేగానికి ఆహ్వానపత్రాలు వరండా అంతా పడ్డాయి.

*

హాలు గేటు పక్క ఒక చలవరాయి ఉంది. మాంసము, గుడ్డు, తత్సంబంధమైన ఏ పదార్థమూ ఈ ఆవరణలోనికి ప్రవేశించరాదని గుప్త గారి తాతగారు దాని మీద చెక్కించారు. ఉపసంఘం మళ్లీ మా ముందు గదిలో అత్యవసరంగా సమావేశమైంది.

"పరిస్థితి విషమించినది," అన్నారు అధ్యక్షుల వారు. "స్టీలు తీగ శాకాహారమే గాని ప్రామాణికము కాదు. పేగు తీగ ప్రామాణికమే గాని శాకాహారము కాదు."

"కచేరీ రద్దు చేసేద్దామండీ," అన్నారు గుప్త గారు. "తాతగారి మాట."

వంటింటి తలుపు పక్క హంసిని నిలబడి ఉంది. చేతిలో కమాను ఉంది. దాని మర తిప్పి వెంట్రుకలు వదులు చేసింది. కచేరీ అయిపోయాక చేసే పని అది.

లోపలి గదిలోంచి మా అత్తగారి గొంతు వినపడింది. "ఒరే ప్రకాశం, మరి ఇన్నాళ్లూ ఆ హాల్లో వాయించిన మృదంగాలు దేంతో చేశార్రా? గుమ్మడికాయ తొక్కతోనా?"

గుప్త గారు కణతలు నొక్కుకున్నారు.

"రాయండి," అన్నారు చివరికి అధ్యక్షుల వారు. "ఇంతవరకు ఈ సభలో వాయించబడిన మృదంగములన్నియు తెలియక ప్రవేశించినవిగా భావించి, వెనుకటి తేదీ నుంచి మన్నించడమైనది. ఇకముందు తెలిసి ప్రవేశించరాదు."

"వాళ్లు తెచ్చిన ఆ పొడుగు పెట్టె సంగతండీ?" అన్నారు ఇందుమతి గారు. హార్ప్సికార్డ్ అని, పియానోకి ముత్తాత. మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక తీగని మీటుతుంది.

"ఈకా?" అన్నారు గుప్త గారు నీరసంగా.

"నెమలీక పూజగదిలో పెట్టుకుంటాం కదండీ," అన్నారు ఇందుమతి గారు.

"నిజమే. ఈక శాకాహారము. రాయండి."

"అది కాకి ఈకటండీ," అన్నారు మా వారు.

అధ్యక్షుల వారు కళ్లు మూసుకున్నారు. "కాకికి పిండం పెడతాము. కనుక అది పితృపక్షమున మన బంధువర్గము. అనుమతించడమైనది."

నేను మంచినీళ్లు ఇస్తూ, "ఇందుమతి గారూ, ఆ రోజు మహిళా విభాగమంతా పట్టుచీరలేనా?" అన్నాను.

"ఆఁ, అందరం ఒకటే అనుకున్నాం. మామిడిపిందె రంగు అంచుతో. ఏం?"

"ఏం లేదు. పట్టుపురుగుల్ని ఉడకబెట్టి తీస్తారు కదా, అని."

అధ్యక్షుల వారు పది నిమిషాలు విరామం ప్రకటించారు. విరామంలో ఇందుమతి గారు ఆయనతో ఏం మాట్లాడారో తెలియదు గాని, ఆవిడ గొంతు వీధిలోకి వినపడింది. విరామం తరవాత, ధరించిన స్త్రీ నుండి చీరను వేరుగా చూచుట మర్యాద కాదు కాబట్టి పట్టుచీరలు శరీరాంతర్గత వస్తువులుగా పరిగణించడమైనదని తీర్మానించారు.

"అలాగైతే వాద్యాన్ని కూడా వాయించేవాళ్ల శరీరంలో భాగమే అనుకోవచ్చు కదండీ," అన్నారు మా వారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఒక తీర్మానం మీద సొంతంగా మాట్లాడడం అదే మొదటిసారి. అంటూ వంటింటి తలుపు వైపు చూశారు.

"తాతగారు ఒప్పుకోరు," అన్నారు గుప్త గారు.

"ఆయన లేరు కదండీ."

"లేరు కాబట్టే. ఉంటే ఒప్పించేవాణ్ణి."

ఇక రద్దు తప్పదన్నట్టు అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. హంసిని కమానుని గుడ్డలో చుడుతోంది. నేను గ్లాసులు ఏరుతూనే అన్నాను. "ఆ రాతి మీద ఉన్నది పదార్థం లోపలికి రాకూడదనే కదండీ. పాట రాకూడదని లేదు."

అధ్యక్షుల వారు నా వంక చూశారు. ఆయన ముఖంలో ఆనకట్ట గేట్లు ఎత్తిన వెలుగు వచ్చింది.

"ధ్వనికి మాంసము లేదు," అన్నారు.

గుప్త గారు ఆలోచించి, "లేదు," అని ఒప్పుకున్నారు.

నేను అనుకున్నది అందరూ మా వరండా ముందు కూర్చుని వింటారని. సమితి అంత తేలికగా దేన్నీ వదలదు. ఆహ్వానపత్రంలో వేదిక హాలు అని అచ్చయింది. చాపలు హాల్లో పరిచారు. దీపాలు హాల్లో పెట్టారు. కాబట్టి వాద్యకారులు ఆవరణ బయట, అనగా ఎదురింటి వరండాలో వాయించవలెననీ, శ్రోతలు ఆవరణ లోపల, అనగా హాల్లో కూర్చుని వినవలెననీ ఏకగ్రీవంగా తీర్మానమైంది. మా వారు గేటు దగ్గర నిలబడి, వాద్యాలు లోపలికి రాకుండా, శ్రోతలు బయటికి పోకుండా చూడాలి.

తలుపు దగ్గర హంసిని కమాను మళ్లీ బిగించుకుంది.

*

కచేరీ రోజు సాయంత్రం ఊరి పెద్దలంతా వచ్చారు. వాచీలు, ఫోనులు మా వారి చేతిసంచీలో వేసి చాపల మీద కూర్చున్నారు. సముద్రపు గాలికి దీపాలు రెపరెపలాడుతుంటే, ఆరిపోతే ప్రామాణికత పోతుందని అధ్యక్షుల వారు కిటికీలు, తలుపులు మూయించారు. లోపల ఊరి పెద్దలు, నూనె దీపాలు, మే నెల.

మా వరండాలో ఫ్యాను కింద నలుగురూ మొదలుపెట్టారు. నేను సంగీతం తెలిసిన దాన్ని కాను. నాకు వినిపించింది చెప్తాను. ఆ వాద్యాలు గట్టిగా మాట్లాడవు. పక్క గదిలో పసిపిల్ల పడుకుని ఉందని తెలిసిన వాళ్లు మాట్లాడుకున్నట్టు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడతాయి. సందులో ఆటోవాళ్లు ఇంజన్లు కట్టేశారు. ఇస్త్రీ బండి వీర్రాజు పెట్టె పక్కకి పెట్టి అరుగు మీద చతికిలబడ్డాడు. సోడాబండి వాడు గోలీ కొట్టబోయి, ఆగి, సీసా పక్కన పెట్టాడు. మా అత్తగారు గడపలో పీట వేసుకుని, "మెల్లిగా ఉంది గాని శుభ్రంగా ఉందే," అన్నారు.

హాలు తలుపు కొంచెం తెరుచుకుంది. ముందుగా ఇందుమతి గారు బయటికొచ్చారు. పట్టుచీర వీపుకి అంటుకుపోయింది. గేటు దగ్గరికొచ్చి, "కాస్త గాలికండీ," అన్నారు. మా వారు నిబంధన చెప్పబోయారు. సరిగ్గా అప్పుడే వరండాలో హంసిని వయొలిన్ తీసుకుని చాప మీద కూర్చుంది.

పేగు తీగలు ఉక్కకి రెండుసార్లు జారాయి. మూడోసారి హెలెన్ తల అడ్డంగా ఊపి, నీ తీగలే కట్టుకోమంది. స్టీలు తీగలు కట్టుకునేదాకా సందులో జనమంతా కదలకుండా ఆగారు. అంత దగ్గర్లో కూర్చుని చెయ్యి చూస్తుంటే ఎవరికీ తొందర అనిపించదు. హంసిని శ్రుతి చూసుకుని, తల ఊపి, మొదలుపెట్టింది.

నెమ్మదైన ముక్క. హెలెన్ ఒక మాట, హంసిని ఒక మాట. నెల రోజులుగా విని విని నాకు కంఠతా వచ్చింది. అందుకే మధ్యలో ఒకచోట హంసిని స్వరాన్ని ఉన్నచోట ఉంచకుండా కొంచెం ఊపి, పైనుంచి జార్చి, మళ్లీ చోటికి తెచ్చినప్పుడు నాకు వెంటనే తెలిసింది. అది వాళ్ల పాటలో లేదు. మన గమకం. చేత్తో చేసింది కాదు, చెయ్యి చేసేసింది. హంసిని ముఖం ఎర్రబడింది. హెలెన్ కనుబొమ్మలు లేచాయి. తన వంతు వచ్చినప్పుడు ఆవిడ, మూడు వందల ఏళ్ల ప్రామాణికతని పక్కన పెట్టి, అదే గమకాన్ని తన పాత వయొలిన్ మీద తిరిగి పలికించడానికి ప్రయత్నించింది. సగమే వచ్చింది. హంసిని మళ్లీ నెమ్మదిగా పలికించి చూపించింది. రెండోసారి వచ్చింది. "భలే!" అన్నాడు ఆటోల్లోంచి ఎవరో.

నేను గేటు వైపు చూశాను. మా వారు హాలుకి వీపు పెట్టి, మా ఇంటి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. భుజానికి సంచీ నిండా వాచీలు. పక్కనుంచి శ్రోతలు ఒక్కొక్కరే సందులోకి వచ్చేస్తున్నారు. ఆయన ఎవర్నీ ఆపడం లేదు. కాసేపటికి గేటు రెండో రెక్క కూడా తీసేశారు.

పాట అయిపోయేసరికి హాల్లో ఇద్దరే మిగిలారు, కళ్లు మూసుకుని కూర్చున్న అధ్యక్షుల వారు, గుప్త గారు.

*

వాద్యకారులు మా ఇంట్లో పప్పు, వంకాయ కూర, ఆవకాయ తిని, చెమటలు కక్కి, హెలెన్ మా అత్తగారి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి, గెస్ట్ హౌస్‌కి వెళ్లిపోయారు. వాళ్లని సాగనంపుతుండగా అధ్యక్షుల వారు వచ్చారు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ప్రకాశంగారూ, సమితి చరిత్రలో ఇంత నిశ్శబ్దంగా విన్న సభ లేదు. చివరి అరగంట ఒక్కరైనా దగ్గలేదు! వాద్యములు బయట, శ్రోతలు లోపల. ఇకముందు అన్ని కచేరీలకు ఇదే నమూనా. ఎల్లుండి సమావేశానికి తీర్మానం రాసి తీసుకురండి."

మా వారు తల ఊపలేదు. ఆయన వెళ్లాక తలుపు వేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మేం నలుగురం భోజనానికి కూర్చున్నాం. హంసిని వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎడంచేత్తో ఆవకాయ డబ్బా ఆయన వైపు జరిపింది. ఆయన ఆ వేళ్ల వంక చూస్తూ ఉండిపోయారు.

"ఏరా, అన్నం కలపవేం?" అన్నారు మా అత్తగారు.

"ఇవాళ సాయంత్రమంతా ఆ గేటు దగ్గర నించున్నానమ్మా," అన్నారాయన. "వాద్యం బయట, మనిషి లోపల. లోపలున్న వాళ్ల ముఖాలు కూడా చూశాను, బయటికి వచ్చేటప్పుడు."

ఆయన గ్లాసుడు నీళ్లు తాగారు.

"హంసినీ, నువ్వు ఆ విజయవాడ కాలేజీకి వెళ్లడం లేదు. ఇక్కడే, మన ఊళ్లో చేరుతున్నావు. పొద్దున్న కాలేజీ, సాయంత్రం గురువుగారి దగ్గరికి. రేపు వాళ్లకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

హంసిని కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను వడ్డిస్తున్న గరిటె కూడా.

"ఒరే, ఇది ఆలోచనా, తీర్మానమా?" అన్నారు మా అత్తగారు అనుమానంగా.

"తీర్మానమమ్మా," అన్నారు మా వారు అన్నం కలుపుకుంటూ. "చర్చ లేదు."